సోగత్తూరు వ్యాన్ యాప్

ఏటా జనవరి రాగానే నాకో తలనొప్పి మొదలవుతుంది. దాని పేరు ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్. మాత్ర వేసుకున్నా తగ్గదు, ఏప్రిల్‌లో వైవా అయ్యేదాకా అంటిపెట్టుకుని ఉంటుంది.

ధర్మపురి బైపాస్ పక్కన ఉన్న ఒక ప్రైవేటు కాలేజీలో నేను మొబైల్ యాప్ డెవలప్‌మెంట్ చెబుతాను. చెబుతానని అనడం మర్యాదకి. పొయ్యి మీద పప్పు పెట్టి, గట్టు మీద ఫోన్ ఆనించి, ఎవడో కుర్రవాడు చెప్పే వీడియో చూసి, మర్నాడు దాన్నే పిల్లలకు వడ్డిస్తాను. నేను చదువుకున్నప్పటి పాఠాలు ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. పిల్లలకూ నా మీద పెద్ద భ్రమలు లేవు. "యోగలక్ష్మి మిస్ మంచిది, ఏమీ అడగదు" అని వాళ్లు అనుకోవడం చెవులారా విన్నాను.

అడగకపోవడానికి కారణం ఉంది. అడిగితే చెప్పగలిగినవాడు ఒక్కడూ ఉండడు. వీళ్ల ప్రాజెక్టులన్నీ సేలంలో ఒక కొట్టులో తయారవుతాయి. యాప్, రిపోర్టు, వైవాలో వేసే ప్రశ్నలకు జవాబులు, అన్నీ కలిపి ఒకే సంచిలో పెట్టి ఇస్తారు. ఒకే ఒక్క బస్సు ఉన్న బస్ టైమింగ్ యాప్, రక్తం ఇచ్చేవాళ్లు లేని రక్తదానం యాప్, ఏళ్ల తరబడి టమాటా ధర మారని రైతు యాప్. కిందటేడాది ఒకడైతే మొదటి పేజీలో ముందటి బ్యాచ్ వాడి పేరు తీసెయ్యడం కూడా మరిచిపోయాడు. అడిగితే, "వాడు మా అన్న ఫ్రెండ్ మిస్" అన్నాడు. అదేదో సంజాయిషీ అయినట్టు.

మా హెచ్ఓడీ సుందరరాజన్ గారికి ఇవన్నీ తెలుసు. "పిల్లలు పాసైతే అడ్మిషన్లు వస్తాయి, అడ్మిషన్లు వస్తే మనకు జీతాలు వస్తాయి. ఇంతకన్నా లోతుకు దిగకమ్మా" అంటారు. నేనూ దిగడం మానేసి చాలా కాలమైంది.

ఈ ఏడాది ఎందుకో ఒళ్లు మండింది. మార్కుల పట్టీలో కొత్తగా ఒక వరస చేర్చాను. యాప్‌ను బయటివాళ్లు నిజంగా వాడుతుంటేనే వందలో ఇరవై మార్కులు. అవి వేసేది నేను కాదు, వైవాకు బయటినుంచి వచ్చే ఎగ్జామినర్. సుందరరాజన్ గారు పట్టీ చూసి, "ఇది ఎవరు చదువుతారులే" అని సంతకం పెట్టేశారు. క్లాసులో చదివి వినిపిస్తే పిల్లలు నవ్వారు. సేలం కొట్టువాడు వాడేవాళ్లను కూడా సంచిలో పెట్టి ఇస్తాడని వాళ్ల ధీమా.

జయప్రియ నవ్వలేదు. వెనక బెంచీలో కూర్చునే బక్కపల్చటి పిల్ల. సోగత్తూరు నుంచి టౌన్ బస్సులో వస్తుంది. క్లాసులో తమిళం తప్ప మాట్లాడదు. ఒకరోజు ల్యాబ్‌లో కంప్యూటర్ మొరాయిస్తే, "దీని మొగం మండ" అని నోరు జారింది. నేను వెనకే ఉన్నాను. అది మా ఇంట్లో రోజూ వినబడే తిట్టే. "మీరూ తెలుగువాళ్లేనా?" అంటే ఆ పిల్ల మొహం వెలగలేదు, చిన్నబోయింది. ఎందుకో నాకు అర్థమైంది. మా తాతలూ వాళ్ల తాతలూ ఒకే భాష మాట్లాడుతూ ఇక్కడే వందల ఏళ్లు బతికారు. పొలాలు మావాళ్లవి, వాటిల్లో వంగిన నడుములు వాళ్లవాళ్లవి. ఆ సంగతి ఆమే ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

రూల్ చెప్పిన మర్నాడు స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడింది.

"మిస్, నేను సేలం పోను మిస్. నేనే చేస్తాను. మా అమ్మావాళ్లు వ్యాన్ ఎక్కేదానికి ఒక యాప్."

వాళ్ల వీధి ఆడవాళ్లంతా కూలికి పోతారు. కారిమంగళం వైపు చేమంతి తోటలకి, పాలక్కోడు వైపు టమాటా తోటలకి. తీసుకుపోయేది పాండియన్ మేస్త్రీ. వాళ్ల వీధివాడే, సొంత వ్యాన్ ఉంది.

"సాయంత్రమైతే మేస్త్రీ ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తాడు మిస్. నాలుగిళ్లకు ఒక ఫోన్ ఉండాది. సగం కలవవు. కలవకపోతే మరుసటి దినం పని పోయినట్టే. మా అమ్మకు ఎన్నోసార్లు పోయినాది."

"నువ్వే రాయగలవా?"

"తప్పులు వస్తాయి మిస్. మీరు చూస్తారు కదా?"

నేను చూస్తానని ఆ పిల్ల నమ్మడమే నాకు వింతగా అనిపించింది.

తప్పులు నిజంగానే వచ్చాయి. రెండు నెలల పాటు సాయంత్రం బస్సు వేళ దాకా ల్యాబ్‌లో కూర్చునేవాళ్లం. ఒకటి సరి చేస్తే ఇంకొకటి చెడేది. ఆ పిల్ల ఒక్కొక్క తప్పునూ వెతికి పట్టుకునేటప్పుడు, నేను ఎప్పుడో మరిచిపోయిన ఉత్సాహం కొంచెం నాలోనూ కదిలింది. అబద్ధం ఎందుకు, ఎక్కువ రోజులు ఆవులింతలే.

మొత్తానికి యాప్ తయారైంది. రేపటి పని ఏ తోటలోనో పాండియన్ అందులో నమోదు చేస్తాడు. యాప్ దాన్ని జయప్రియ గొంతుతో, వాళ్ల ఇంటి తెలుగులో చదువుతుంది. వాళ్లలో చదవడం వచ్చినవాళ్లు తక్కువ కాబట్టి తెరమీద అక్షరాలు లేవు, వీధి ఆడవాళ్లందరి ఫోటోలే ఉంటాయి. ఫోన్ ఎవరిదైనా సరే, మన ఫోటో మీద వేలు పెట్టి ఆకుపచ్చ బొత్తాం నొక్కితే వస్తామని, ఎర్రది నొక్కితే రామని. నొక్కినవాళ్ల ఫోటో వెలుగుతుంది. వ్యాన్‌లో పట్టేది ముప్పైమంది. ముప్పై నిండగానే పాండియన్‌కు దానంతట అదే మెసేజ్ పోతుంది, అతను తోట యజమానికి ఖాయం చేసేస్తాడు. ఆ మెసేజ్ సంగతి జయప్రియ సొంత ఆలోచన. అది మొదటిసారి పనిచేసిన రోజు ల్యాబ్‌లో చప్పట్లు కొట్టింది. వింటున్నది నేనొక్కదాన్నే.

మార్చిలో వీధిలో వాడడం మొదలుపెట్టారు. వారం తిరక్కుండానే జయప్రియ వాడిపోయిన మొహంతో వచ్చింది.

"మిస్, లెక్క తప్పుతా ఉండాది. యాప్‌లో వ్యాన్ నిండినట్టు చూపిస్తాది. పొద్దున చూస్తే పదిమందో పదకొండుమందో వస్తారు. నిన్న కారిమంగళంలో పూలు కొయ్యక మిగిలిపోయినాయంట. తోటాయన మేస్త్రీని తిట్టినాడు. మేస్త్రీ మా ఇంటికొచ్చి మా అమ్మను తిట్టినాడు."

ఇద్దరం మళ్లీ కోడ్ ముందు కూర్చున్నాం. ఒకసారి నొక్కితే రెండుసార్లు నమోదవుతోందా? నిన్నటి పేర్లు చెరిగిపోకుండా ఇవాళ్టికి మిగులుతున్నాయా? వరసవరసా చదివాం. కళ్లు మండాయి, నడుము పట్టేసింది. తప్పు దొరకలేదు. తప్పు దొరక్కపోవడమంత అలసట ఇంకొకటి లేదు. దొరికితే కనీసం తిట్టుకోవచ్చు.

"మీ వీధికి వస్తాను పద" అన్నాను. పోవాలని లేదు. ఇంటికి పోయి పడుకోవాలని ఉంది.

మేం వెళ్లేసరికి పొద్దు వాలుతోంది. జయప్రియ వాళ్ల అమ్మ మునియమ్మ తోటనుంచి అప్పుడే వచ్చినట్టుంది, కాళ్లకు మట్టి ఆరలేదు. ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి కొంగుతో తుడిచి వేసింది. నువ్వూ కూర్చో అంటే కూర్చోలేదు. మూడుసార్లు అన్నాను, మూడుసార్లూ నవ్వి ఊరుకుంది.

ఆరు దాటగానే ఫోన్‌లో జయప్రియ గొంతు పలికింది. "రేపు కారిమంగళంలో చేమంతి పూలు." అంతే, వీధి కదిలింది. నెలలు నిండిన ఒక పిల్ల నడుం మీద చెయ్యి పెట్టుకుని వచ్చి తన ఫోటో మీద ఆకుపచ్చ నొక్కి పోయింది. కాలికి కట్టు కట్టుకున్న ఆమె గెంతుతూ వచ్చి నొక్కింది. తర్వాత పాప్పాత్తి అనే ముసలమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఆమె పనికి పోవడం మానేసి పదేళ్లు దాటిందట. రేషన్ షాపులో వేలిముద్ర వేసినట్టు బొటనవేలు గట్టిగా అదిమిపెట్టి, "పడిందా?" అని అడిగింది.

"పడిందవ్వా" అంది మునియమ్మ.

జయప్రియ లేచి నిలబడింది. "పాప్పాత్తవ్వా, నువ్వు రేపు పూలు కొయ్యడానికి పోతావా?"

"నేనేడ పోయేది కణ్ణు, నా తల్లీ? నీ పరిచ్చకు నొక్కినాను."

మునియమ్మ నా వైపు తిరిగింది. ఆ మొహంలో దాపరికం లేదు, ఎంతో సంతోషం ఉంది. "ఎంతమంది నొక్కితే అన్ని మార్కులంట కదా టీచరమ్మా. జయ చెప్పింది. మాకు చదువా సంధ్యా, బిడ్డకు ఏం సాయం చేసేది? ఇదొక్కటే మాకు చేతనయ్యేది. అందుకే నేనే ఇంటింటికీ పోయి చెప్పినాను. ఆ ఎర్రది మాత్రం ఎవురూ తాకొద్దని చెప్పినాను, మార్కులు తగ్గిపోతాయేమోనని."

"నేను వాడాలని చెప్పినాను అమ్మా! ఊరికే నొక్కమని చెప్పినానా?"

"వాడేదంటే నొక్కేదే కదా?"

నాకు నవ్వు వచ్చింది. వీధి వీధంతా ఓటు వేసినట్టు ఒక పిల్లకు మార్కులు వేస్తోంది. ఆ మార్కుల వరస కనిపెట్టిన మేధావిని నేను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక, ఇచ్చిన టీ వేడిగా ఉండగానే తాగి నాలుక కాల్చుకున్నాను.

అంతలో పాండియన్ బైక్ మీద వచ్చాడు. సంగతి విన్నాక అతని మొహం మెత్తబడుతుందనుకున్నాను. మెత్తబడలేదు. అతనిదీ అలసిపోయిన మొహమే.

"మీకు మార్కులు, నాకు తిట్లు. ముప్పైమంది కూలోళ్లు వస్తారని తోటాయనకు మాట ఇచ్చి పదకొండుమందిని దింపితే, రేపు ఆయన వేరే వ్యాన్ చూసుకుంటాడు. వద్దనడం లేదు టీచర్, పరీక్ష అయ్యేదాకా పెట్టుకోండి. కానీ ఇంకొక్కసారి ఇట్ల దొంగ లెక్కతో మెసేజ్ వచ్చిందా, మునియమ్మ నా బండి ఎక్కకూడదు. తెలిసి చేసినా తెలియక చేసినా, అంతే."

మునియమ్మ తలవంచుకుంది. ఆ వీధికి వచ్చేది ఆ ఒక్క వ్యానే. అది ఎక్కకపోతే ఆమెకు పని లేదు. జయప్రియ ఆ సాయంత్రమే ప్రతి గడపా ఎక్కి, నిజంగా వచ్చేవాళ్లు తప్ప ఎవరూ నొక్కవద్దని చెప్పి వచ్చింది. అందరూ సరే అన్నారు.

బస్టాపు దాకా నాతో నడిచి వచ్చింది. నేను నా అనుభవమంతా రంగరించి ఒక సలహా ఇచ్చాను. "దీనికే ఇంకో కాపీ చెయ్యి. దాన్ని పాండియన్‌తో కలపొద్దు. ఆడవాళ్లు ఇష్టం వచ్చినంతసేపు నొక్కుకోనీ, వైవాలో అది చూపించు. ఇరవై మార్కులూ వస్తాయి, ఎవరికీ నష్టం లేదు."

"అప్పుడు సేలంలో కొన్నదానికీ దీనికీ ఏం తేడా మిస్?"

మర్యాదగానే అడిగింది. బస్సు వచ్చి నన్ను కాపాడింది.

వైవా శుక్రవారం. ఎగ్జామినర్ గుణశేఖరన్ వేరే ఊరి కాలేజీనుంచి వచ్చాడు. నాకంటే అలసిపోయిన మనిషి. అప్పటికే సేలం సరుకు ఒక డజను చూసి ఉన్నాడు. సుందరరాజన్ గారు తెప్పించిన వడ చల్లారిపోయింది, ముట్టుకోలేదు. ఎవరేం చెప్పినా "నెక్స్ట్" అంటున్నాడు.

జయప్రియ వంతు వచ్చింది. ల్యాప్‌టాప్‌ను ప్రొజెక్టర్‌కు కలిపి, తమిళంలో చెప్పింది. తెరమీద వీధి ఆడవాళ్ల ఫోటోలు వరసలుగా, బూడిదరంగులో ఉన్నాయి. రేపటి పని పాండియన్ సాయంత్రం చెబుతాడు కానీ బొత్తాం ఎప్పుడు నొక్కినా పడుతుంది, ఇంకా ఎవరూ నొక్కలేదు. గుణశేఖరన్ వాడకం గ్రాఫ్ అడిగి చూశాడు. మొదటి రోజుల్లో కొండలా ఉంది, తర్వాత నేలకు దిగింది.

"జనం వాడడం మానేస్తున్నారే. బయటివాళ్లు వాడుతున్నారా అని ఇక్కడ ఇరవై మార్కులున్నాయి. ఏమని వెయ్యమంటావు?"

జయప్రియ నోరు తెరవబోయింది. అప్పుడే తెరమీద ఒక ఫోటో వెలిగింది. మునియమ్మది.

వెంటనే ఇంకొకటి. నెలలు నిండిన పిల్లది. తర్వాత కట్టు కాలామెది. ఒకదాని వెనక ఒకటి, వరసంతా వెలుగుతూ పోయింది. పైన అంకె పెరుగుతోంది. గుణశేఖరన్ ఆ రోజు మొట్టమొదటిసారి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"ఇప్పుడు, ఈ నిమిషంలో వాడుతున్నారా? లైవ్‌గా? శభాష్! ఇదమ్మా ప్రాజెక్టంటే!" మా హెచ్ఓడీ వైపు తిరిగి, "సార్, పొద్దుట్నుంచి ఇలాంటిది ఒక్కటి చూశానా?" అన్నాడు. సుందరరాజన్ గారు తానే రాసినంత గర్వంగా తల ఊపారు.

జయప్రియ కదలకుండా అంకెనే చూస్తోంది. పంతొమ్మిది. ఇరవై రెండు. వైవా ఎన్నింటికో పొద్దున అమ్మకు చెప్పి ఉంటుంది. కారిమంగళం తోటలో ఉన్న మునియమ్మ ఒక్క ఫోన్‌తోనే వీధినంతా వెలిగిస్తోందన్నమాట. ముప్పై నిండితే పాండియన్‌కు మెసేజ్ పోతుంది. పోయాక దాన్ని వెనక్కి తెచ్చే దారి మేం రాయలేదు.

ఆ పిల్ల నా వైపు చూసింది. నేనేం అనుకున్నానో ఉన్నదున్నట్టు చెబుతున్నాను. నోరు మూసుకో తల్లీ, రెండు నిమిషాలు ఓపిక పట్టు, ముందు మార్కులు పడనీ, పాండియన్ కాళ్లు తర్వాత పట్టుకుందాం అనుకున్నాను. నా కళ్లలో అది కనబడే ఉంటుంది.

ఇరవై ఆరు. ఇరవై ఏడు.

జయప్రియ ల్యాప్‌టాప్ దగ్గరికి నడిచింది. గబగబా రెండు మాటలు కొట్టింది. బయటినుంచి ఏదీ లోపలికి రాకుండా మూసేసింది. తర్వాత రేపటి పేర్లన్నీ ఎంచి చెరిపేసింది. వెలిగిన మొహాలన్నీ ఒక్కసారిగా బూడిదరంగుకు తిరిగాయి. పైన సున్నా నిలిచింది.

"ఏమైంది? ఆగిపోయిందా?" గుణశేఖరన్ నిజంగా బాధపడ్డాడు.

"లేదు సార్, నేనే ఆపినాను. వీళ్లలో చాలామంది రేపు పనికి రారు సార్. నాకు మార్కులు రావాలని నొక్కుతా ఉండారు. దీన్ని నమ్మి వ్యాన్ పోతే మా అమ్మకు పని పోతుంది."

ఎగ్జామినర్ పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు. "చూడమ్మా, నువ్వు చెప్పింది నాకు అర్థమైంది. కానీ వాడేవాళ్లు నిజం కాదని నువ్వే అంటున్నావు. కళ్లముందే ఆపేశావు. ఆ వరసలో నేనేం వెయ్యను?" అని, ఇరవై ఉన్నచోట ఒక అడ్డగీత గీశాడు. "మిగతావాటిల్లో పాసవుతుందిలే. నెక్స్ట్."

తర్వాతి కుర్రవాడు రక్తదానం యాప్ తెరిచాడు. ముగ్గురు దాతలు, ముగ్గురి ఫోన్ నంబరూ ఒకటే. ఆ దాతల పేర్లేమిటని కావాలనే వాడిని అడిగాను. ఒక్కటీ చెప్పలేకపోయాడు. అయినా గుణశేఖరన్ వాడకం వరసలో ఎనిమిది వేశాడు. ఆ క్షణం నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. నా ఉద్యోగం మీద, నేను గీసిన ఆ వరస మీద అసహ్యం వేసింది. లేచి బయటికి వచ్చేశాను.

వరండాలో జయప్రియ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఏడవలేదు. రాత్రంతా జ్వరం కాసి తెల్లారినవాళ్లలా ఉంది. పక్కన నిలబడ్డాను. అంతలో ఆమె ఫోన్ మోగింది. దాని స్పీకర్ పాడైపోయి అన్నీ బిగ్గరగానే వినిపిస్తాయి.

"జయా, మధ్యలో ఆగిపోయినాది ఇది. ఎంత నొక్కినా వెలగడం లేదు. పాండియన్ టీ తాగను పోయినాడు, అందుకని చేమంతి చాళ్లల్లో కూర్చోని దొంగతనంగా నొక్కినాను. నీకిచ్చిన మాట తప్పినానని కోప్పడొద్దు. పరిచ్చ రోజు ఒక్కటే కదా అని అందురూ నన్ను పీక్కుతినినారు. ఇంకా పాప్పాత్తవ్వది, పంచవర్ణం అక్కది ఫోటోలు బాకీ ఉండాయి. ఆగిపోయినాదని మార్కులు తగ్గిస్తారా? మళ్లా నొక్కమంటావా?"

జయప్రియ కళ్లు మూసుకుంది.

"వద్దు మా. చాలు."

"పడినాయా మరి?"

"పడినాయి మా."

"ఎన్ని?"

నేను తల తిప్పుకున్నాను.

"అన్నీ పడినాయి మా."

"ఏమ్మే, వినండి! మన జయకు అన్నీ పడినాయంట!" అని మునియమ్మ అరిచింది. వెంటనే తోటలో ఆడవాళ్లంతా కలిసి వేసిన కేక ఆ పగిలిన స్పీకర్‌లోంచి వరండా అంతా వినిపించింది. జయప్రియ ఫోన్‌ను చెవికి కొంచెం దూరంగా పట్టుకుని, ఆ కేకలు ఆగేదాకా అలాగే నిలబడింది.